పిడికెడు పల్లీల బరువు

నా పని

వంటకు వాడే పల్లీలను బరువు నుంచి కొలతకు, కొలత నుంచి బరువుకు మార్చడం నా ఉద్యోగంలో సగం అని చెబితే ఇప్పుడు కొత్తగా చేరే అమ్మాయిలు నవ్వుతారు. మీ పోషకాహార కేంద్రాల్లో తూకపు యంత్రాలు ఉన్నాయి. మా రోజుల్లో పుస్తకంలో గ్రాములు ఉండేవి, ఊళ్లో గిద్దెలు, సోలలు, మానికలు ఉండేవి. ఆ రెంటి మధ్య గ్రామసేవిక ఉండేది. బక్కచిక్కిన పిల్లకు రోజుకు జొన్నపిండి ఇన్ని గ్రాములు, వేయించిన పల్లీలు ఇన్ని గ్రాములు, బెల్లం ఇన్ని గ్రాములు అని పైనుంచి కాగితం వచ్చేది. దాన్ని పొయ్యి ముందు కూర్చున్న మనిషికి పనికొచ్చే మాటగా మార్చి చెప్పడం నా పని.

జనగామలో మొదలుపెట్టాను, మహబూబాబాద్‌లో ఎక్కువ కాలం చేశాను, భూపాలపల్లిలో ముగించాను. ప్రమోషన్ల సంగతి, బదిలీల సంగతి రాయను. వాటివల్ల ఏ పిల్లా బాగుపడలేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. ఆయన పుస్తకాలన్నీ మళ్లీ చదువుతూ ఉన్నాను. చదువుతున్నప్పుడు ఒకటి అర్థమైంది. ఆయన పోవడంతో ఈ తప్పు తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ పోతే అది జరగనట్టే అవుతుంది. అలా కాకూడదు.

జనగామలో గిద్దె

1969లో తెలంగాణ ఉద్యమం మొదలైన ఏడాదే నేను ఉద్యోగంలో చేరాను. మా మీది అధికారి ముఖ్యసేవిక సుభద్రగారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. తక్కువ మాట్లాడేవారు, పని బాగా తెలిసినవారు. ఇద్దరం ఆఫీసు బల్ల మీద తక్కెడ పెట్టుకుని గిద్దెడు పల్లీలు ఎన్ని గ్రాములు, సోలెడు ఎన్ని గ్రాములు అని తూచి ఒక పట్టిక రాశాం. గిద్దెడు గింజలు అంచుకు సమంగా గీస్తే అరవై గ్రాములు తూగాయి. నేను దాన్ని అందమైన అక్షరాలతో అట్ట మీద రాసుకున్నాను.

ఆ అట్ట పట్టుకుని జనగామ పక్క ఊళ్లో మహిళా మండలి ముందు మొదటిసారి పల్లీల ముద్దలు చేసి చూపించాను. పొద్దు పోతుందని అక్కడి ఆడవాళ్లు ముందే పల్లీలు వేయించి, పొట్టు చెరిగి, దంచి పెట్టారు. నేను పొడిని గిద్దెతో కొలిచి, పట్టికలో ఉన్నంత బెల్లం పాకం పోశాను. ముద్దలు చేతికి అంటుకుని వదల్లేదు.

ముందు వరసలో కూర్చున్న ఒకామె వేళ్లు విడదీసుకుంటూ, "సేవికమ్మా, గివి ముద్దలా, కిటికీలకు పెట్టే లప్పమా?" అంది.

పక్కనామె వెంటనే, "తిననీయక్కా. పండ్లు ఊడితే మల్ల గిదే పెట్టి అంటించుకోవచ్చు" అంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సాయంత్రం ఇంటికి వచ్చి తూచి చూస్తే సంగతి బయటపడింది. గిద్దెడు గింజలు అరవై గ్రాములు. అవే గింజలను దంచి వదులుగా పోస్తే గిద్దెడు నలభై అయిదు కూడా రాదు. ఆ పొడినే బొటనవేలితో అదిమి నింపితే అరవై దాటిపోతుంది, ఎందుకంటే దంచినప్పుడు నూనె వదిలి పొడి ముద్ద కడుతుంది. అంటే గిద్దె ఒకటే, పల్లీలు అవే, బరువులు మూడు. పాకం అరవై గ్రాముల పల్లీలకు లెక్క వేసింది, గిన్నెలో పడింది నలభై అయిదు.

ఆ రోజు పోయింది కాస్త బెల్లం, కాస్త పరువు. అంతటితో పాఠం వచ్చేసిందని అనుకున్నాను. పట్టికలో గింజలకు ఒక గడి, పొడికి ఒక గడి గీసి ఊరుకున్నాను.

సుభద్రగారు

ఆ సంగతి చెప్పినప్పుడు సుభద్రగారు నవ్వలేదు. అట్ట చేతిలోకి తీసుకుని చూసి, "అమ్మాయ్, ఇది మనం బల్ల మీద చేసిన పట్టిక. వాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లు వండుకుంటున్నప్పుడు కూర్చుని చూడు. ఒక పూట కాదు, ఒక్కో కాలంలో ఒక్కోసారి చూడు. అప్పటిదాకా దీన్ని నమ్మొద్దు" అన్నారు.

అప్పటికి ఉద్యమం బలంగా ఉంది. బడులు నడవడం లేదు. ఆఫీసు తలుపులు నెలలో సగం రోజులు మూసి ఉండేవి. మా ఉద్యోగాలు మాకు కావాలని రోడ్ల మీద పిల్లలు అరుస్తున్నారు, ఆ పిల్లల్లో మా తమ్ముడు ఉన్నాడు. మేము మాట్లాడే తీరు విని కోస్తా వాళ్లు నవ్వుతారన్న కోపం నాలో చిన్నప్పటి నుంచి ఉంది. ఆమె మాటలో నాకు ఆ నవ్వే వినిపించింది.

"మావోళ్లకు కొలుసుడు రాదంటరా మేడం?" అన్నాను.

ఆమె నా వంక చూసి, "కాదు. మనకు చూడటం రాదంటున్నాను" అన్నారు.

నేను ఆ రెండో మాట వినదలచుకోలేదు. కొన్ని వారాలకు ఆమె ఇంటి ముందు జనం చేరి వెళ్లిపొమ్మని కేకలు వేశారు. రాళ్లు పడ్డాయని విన్నాను. మా ఇంటికి ఆమె ఇల్లు మూడు వీధుల దూరం. పలకరించడానికి వెళ్లలేదు. తర్వాత ఆమె బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. ఆ ఉద్యమంలో మా వాళ్లు అడిగింది న్యాయమే అని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ న్యాయం సుభద్రగారు చెప్పిన పనికి జవాబు కాదు. ఆమె చెప్పింది కోస్తా మాట అని పక్కన పెట్టాను. ఇంకో ఆరేడేళ్లకు దాని ఫలితం ఇంకొకరు అనుభవించారు.

పిడికిలి పట్టిక

మహబూబాబాద్ వెళ్లాక నా గిద్దె పట్టిక నిలవలేదు. ఒకే వాడలో మూడు ఇళ్లలో మూడు గిద్దెలు చూశాను. ఒకటి పాత ఇత్తడిది, ఒకటి కొత్త రేకుది, మూడోది పాలపొడి డబ్బా అడుగు కోసి చేసింది. ఇది కాకుండా ఇంకో అడ్డంకి ఉంది. వడ్లు కొలిచే చేత్తోనే పిల్ల తిండిని కొలవడానికి అక్కడి తల్లులు ఒప్పుకునేవారు కాదు.

"ఒడ్లు కొలుస్తం, కూలి గింజలు కొలుస్తం. బిడ్డ నోట్లకు పోయేది కొలుస్తరా సేవికమ్మా? కొలిచి పెడితే పెరుగుతరా?" అని మొహం మీదే అడిగారు.

వాళ్లతో వాదించి లాభం లేదని నాకు తెలుసు. వాళ్లు కొలవకుండా చేత్తో తీసి వేస్తారు కాబట్టి ఆ చేతినే కొలతగా చేస్తే సరిపోతుందని తోచింది. ఆ ఆలోచన వచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి, అంత సంతోషం.

వానలు వెనకపట్టిన రోజుల్లో, కొత్త పల్లీలు ఇళ్లకు చేరాక, నాలుగైదు ఊళ్లలో తల్లులను వరసగా కూర్చోబెట్టి, దంచిన పల్లీల పొడిని ఒక్కొక్కరినీ పిడికిట నింపమన్నాను. పిడికిలి మూసినప్పుడు పొడి దానంతటదే అదుముకుంటుంది. వదులు, గట్టి అన్న గొడవ ఉండదు. తక్కెడలో పోసి తూచి రాసుకున్నాను.

"నా పిడికిలి ఎంత బరువో మా ఇంటాయనకు ఎరుక, ఆయన్నడుగు" అని ఒకామె అంది.

"తరాజు పట్టుకొచ్చినవ్, పల్లీలు అమ్మనీకి వచ్చినవా, మా చేతులు కొననీకి వచ్చినవా?" అని ఇంకొకామె.

నలభై మంది పిడికిళ్లు తూచాను. కొంచెం అటూ ఇటూగా అన్నీ ఇరవై అయిదు గ్రాముల దగ్గర నిలిచాయి. పిల్లకు రోజుకు యాభై గ్రాముల పల్లీలు కావాలి. అంటే జావలో రెండు పిడికిళ్లు. అంతే. ఎవరైనా గుర్తుపెట్టుకోగలిగిన మాట. మా పై అధికారి చూసి, చాలా బాగుందని, నకళ్లు తీయించి అన్ని కేంద్రాలకూ పంపించారు. "మీ పిడికిలి పట్టిక" అని మీటింగులో నలుగురి ముందు అన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను గానీ లోపల ఉప్పొంగిపోయాను.

నేను జనగామ మనిషిని. మా వైపు అప్పట్లో జొన్న, ఆముదం, పల్లి, కందులు. మిరప తోటలు నేను చూడలేదు. గార్ల, బయ్యారం వైపు ఎండాకాలం ముందు మూడు నెలలు ఆడవాళ్లకు మిరప ఏరడం తప్ప ఇంకో పని లేదని తెలుసు. ఆ మూడు నెలల్లో వాళ్ల చేతులు ఎలా ఉంటాయో తెలియదు. ఎవరినీ అడగలేదు.

కొంరమ్మ

గార్ల దాటాక బస్సు దిగి రెండు మైళ్లు నడిస్తే వచ్చే ఊళ్లో కొంరమ్మ అనే కూలి మనిషి తన కూతురు స్వరూపను కేంద్రానికి తీసుకొచ్చింది. పిల్లకు పదహారు నెలలు. నిలబడలేదు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఎముకల మీద తోలు వదులుగా వేలాడుతోంది. జావ ఎలా కాచాలో కొంరమ్మకు దగ్గరుండి చూపించాను. పల్లీలు కేంద్రం నుంచే ఇచ్చాం.

రెండు నెలల్లో పిల్ల ముప్పావు కిలో పెరిగింది. బుగ్గలు వచ్చాయి. మూడో నెలలో గోడ పట్టుకుని నిలబడింది. కొంరమ్మ ఆ రోజు నాతో, "పొద్దుగాల లేశి గిన్నె దిక్కు చూస్తది సేవికమ్మా. నా దిక్కు చూడది" అని చెప్పి సిగ్గుపడుతూ నవ్వింది. పిల్ల బరువు రాసిన కార్డును పక్క ఊళ్లలో అందరికీ చూపించుకుంటూ తిరిగాను.

తర్వాత నెల పిల్ల బరువు పెరగలేదు. ఆ తర్వాతి నెల పావుకిలో తగ్గింది. దాని తర్వాతి నెల ఇంకో పావుకిలో తగ్గింది.

పిల్ల దిగుతుందంటే మూడు కారణాలు ఉండొచ్చని మాకు నేర్పారు. జబ్బు ఉండాలి, తిండి అందకపోవాలి, లేదా ఇచ్చిన తిండి ఇంకెవరో తినాలి. జబ్బు లేదని చూశాను. మిగిలిన రెండింటికీ తల్లే కారణమని అనుకున్నాను. పట్టిక తప్పు కావచ్చు అన్నది నా జాబితాలో లేదు.

ఆ రోజు బరువులు తూచేటప్పుడు కేంద్రంలో ఇరవై మంది దాకా ఉన్నారు. అందరి ముందు అడిగాను.

"రోజూ రెండు పిడికిళ్లు పడుతున్నయా?"

"పడుతున్నయమ్మా."

"పడితే ఎట్ల దిగుతది? పల్లీలు మేమిచ్చినం. అవి పిల్ల తింటున్నదా, మీరు తింటున్నరా?"

కొంరమ్మ ముఖం మారింది. పిల్లను తక్కెడ జోలిలోంచి తీసుకుని భుజాన వేసుకుంది. వెనక నుంచి ఒకామె, "అమ్మా, మిరప దినాలు గదా, గామె చేతులు..." అని ఏదో చెప్పబోయింది.

"మిరప సంగతి తర్వాత. నేను పల్లీల సంగతి అడుగుతున్న" అన్నాను.

ఆమె ఊరుకుంది. నేను కార్డు మీద, బరువు గీత పక్కన ఉన్న గడిలో "తల్లికి శ్రద్ధ లేదు" అని రాశాను. కొంరమ్మకు చదువు రాదు. ఏం రాశావని అడిగింది. చదివి వినిపించాను.

ఇప్పుడు మీకు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో గొంతు పెంచే సందర్భాలు వస్తాయి. అలా పెంచినప్పుడు ఎదుటి మనిషి మాత్రమే కాదు, పక్కన నిలబడి నిజం తెలిసిన మనిషి కూడా నోరు మూసుకుంటుంది. ఆ రోజు ఒక్క నిమిషం ఆగి ఆ మూడో మనిషి మాట విని ఉంటే చాలు.

బుచ్చవ్వ చెయ్యి

తర్వాత కొంరమ్మ కేంద్రానికి రాలేదు. అలిగిందనుకున్నాను. నెల తిరిగాక నేను ఆ ఊరు వెళ్తే, పిల్ల పోయిందని చెప్పారు. ఊళ్లో తట్టు తిరిగింది. చాలామంది పిల్లలకు వచ్చి తగ్గింది. స్వరూపకు తగ్గలేదు.

వాళ్ల ఇంటికి వెళ్లాను. కొంరమ్మ అత్త బుచ్చవ్వ గడపలో కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. నన్ను చూడగానే లేవబోయింది, నేనే కింద కూర్చున్నాను. కొంరమ్మ లోపల మట్టి గురుగులో మజ్జిగ పోసుకుని రెండు చేతులూ అందులో ముంచి కూర్చుంది. ఎందుకని అడిగాను.

"మంటలు. దినమంత మిరపకాయ ఏరుతం గదా" అంది. తల ఎత్తలేదు.

బుచ్చవ్వ చెప్పింది. "మిరప దినాలల్ల దానికి బిడ్డను ముట్టరాదు బిడ్డా. కడిగినా పోదు. ఒకనాడు తెల్వక కండ్లు తుడిచింది, పిల్ల పొద్దంత మొత్తుకున్నది. గిన్నె ముట్టదు, పిండి ముట్టదు. మూడు నెలలు అన్నీ నేనే చేసిన. నేనే పెట్టిన."

నా వంక తిరిగి, "నువ్వు చెప్పినట్టే పెట్టిన. రెండు పిడికిళ్లు. ఒక్కనాడు తప్పలేదు. నీకు నమ్మకం లేకుంటే చూడు" అంది.

పక్కనే ఉన్న డబ్బా లాగి మూత తీసింది. అడుగున పల్లీల పొడి ఇంకా ఉంది. చెయ్యి పెట్టి తీసింది. ఆమె వేళ్లు వంకర తిరిగి ఉన్నాయి. చూపుడు వేలు, మధ్య వేలు పూర్తిగా తెరుచుకోవు, చిటికెన వేలు ముడుచుకోదు. పొడి వేళ్ల సందుల్లోంచి డబ్బాలోకే కొంత జారిపోయింది. మిగిలింది నా అరచేతిలో పోసింది.

అన్ని నెలలు అన్ని పిడికిళ్లు తూచిన దాన్ని. తక్కెడ అక్కర్లేదు. పది గ్రాములు, మహా అయితే పన్నెండు.

నా ముఖంలో ఏదో కనిపించి ఉండాలి. బుచ్చవ్వ, "ఏందమ్మా, తక్కువున్నదా?" అని అడిగింది.

తల ఎత్తి చూశాను. లోపల మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చున్న కొంరమ్మ నన్నే చూస్తోంది. మెల్లగా తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని.

"లేదవ్వా. సరిగనే పెట్టినవ్" అన్నాను.

ఆ పొడిని డబ్బాలో పోసి, చెయ్యి దులుపుకుని, లేచి వచ్చేశాను.

ఆ తర్వాత నేను చేసింది

స్వరూప పల్లీలు తక్కువై పోయిందని నేను చెప్పలేను. తట్టు వచ్చింది, ఆ రోజుల్లో దానికి బాగా తిన్న పిల్లలు కూడా పోయేవారు. కానీ ఆ అరకిలో పోగొట్టుకోకుండా ఉండి ఉంటే తట్టుకు ఎదురు నిలబడే బలం ఇంకాస్త ఉండేది. ఎంత ఉండేదో తెలియదు. తెలియదని అనుకుని ఊరుకోవడం కూడా నాకు చేతకాలేదు.

మా పై అధికారి దగ్గరికి వెళ్లి చెప్పాను. మిరప ఊళ్లలో పిడికిలి పట్టిక పనికిరాదని, పిల్లకు తిండి పెట్టేది తల్లి కాదని, ముసలి చేతులని, ఈ సీజను అయ్యేదాకా ఆపేసి అన్ని కేంద్రాలకూ ఉత్తరం రాయాలని. ఆయన చెడ్డ మనిషి కాదు. విని, "పిల్ల తట్టుతో పోయింది కదమ్మా. పట్టిక అందరికీ వెళ్లిపోయింది. ఇప్పుడు తప్పని రాస్తే మన మాట ఇక ఎవరు వింటారు? వచ్చే ఏడు మెల్లగా మార్చుకుందాం" అన్నారు.

నేను సరే అన్నాను. ఆయన చెప్పిన కారణం నాకు నచ్చి కాదు. పట్టిక మీద నా పేరు ఉంది, అందుకు.

నా ఊళ్ల వరకు ఇంటింటికీ తిరిగి, పెట్టే మనిషి పిడికిలి చూసి, కొందరికి మూడని, కొందరికి నాలుగని చెప్పాను. మిగిలిన మిరప ఊళ్లలో ఎంతమంది ముసలివాళ్లు ఎంతమంది పిల్లలకు రెండు పిడికిళ్లే పెట్టారో నాకు తెలియదు. ఆ లెక్క ఎవరూ తీయలేదు. తీయమని నేనూ అడగలేదు. మరుసటి ఏడు కొత్త పట్టిక వచ్చింది. పాతదాన్ని మెరుగుపరిచామని పైన రాశారు. తప్పని ఎక్కడా లేదు.

ఇంకొకటి. స్వరూప కార్డు కేంద్రంలోనే ఉండేది. నేను రాసిన మాటను కొట్టేసి దిద్దడానికి ఒక్క గీత చాలు. రెండుసార్లు తీసి చూసి మళ్లీ కట్టలో పెట్టేశాను. గీత గీస్తే ఎందుకు గీశావని ఎవరైనా అడుగుతారని. ఎవరూ అడిగేవారు కాదు. చనిపోయిన పిల్లల కార్డులు ఎవరు చూస్తారు?

మీలో పిల్లల తిండి చూసేవాళ్లు ఉంటే నాకు తెలిసింది ఇంత. గింజలా పొడా, వదులుగానా గట్టిగానా అని అడగటం అందరూ నేర్పుతారు. ముందు పెట్టేది ఎవరో అడగండి. ఈ నెలలో ఎవరు, వచ్చే నెలలో ఎవరు అని అడగండి. ఆ మనిషి చెయ్యి చూడండి. బరువు తగ్గితే మొదట మీ కాగితాన్ని అనుమానించండి. కార్డు మీద మనిషి గురించి ఏదీ రాయకండి, తిండి గురించి రాయండి. ఈ మాటలు చిన్నవిగా కనిపిస్తాయి. నాకు ఇవి ఉచితంగా చెప్పిన మనిషి ఒకరు ఉండేవారు, మూడు వీధులు దాటి వెళ్లి ఆమెను నేను పలకరించలేదు.

భూపాలపల్లి

బొగ్గు గనుల పని పెరిగి కార్మికుల క్వార్టర్లు కడుతున్న రోజుల్లో నన్ను భూపాలపల్లి వేశారు. కట్టుబడి పనికి ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల పిల్లల కోసం ఒక కేంద్రం తెరిచాం.

ఒకరోజు పొద్దున్న వరసలో ఒకామె మూడేళ్ల మగపిల్లవాణ్ని ఎత్తుకుని నిలబడి ఉంది. సిమెంటుతో చేతులు తెల్లగా ఉన్నాయి. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాను. ఆమె నన్ను ముందే గుర్తుపట్టినట్టుంది.

"బాగున్నరా సేవికమ్మా?" అంది కొంరమ్మ.

బాగున్నానన్నాను. బుచ్చవ్వ గురించి అడిగాను. పోయి రెండేళ్లయిందని చెప్పింది. వరసలో వెనక వాళ్లను కాస్త ఆగమని చెప్పి ఆమెను పక్కకు తీసుకెళ్లాను. ఆ మాటలు ఎన్నేళ్లుగానో మనసులో పేర్చుకుని ఉన్నాను, నోట్లోంచి వచ్చేసరికి రెండే అయ్యాయి.

"స్వరూప సంగతిల తప్పు నాది. నీది కాదు" అన్నాను.

ఆమె పిల్లవాణ్ని ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"ఆనాడే ఎరుకమ్మా. నువ్వు అందరి ముందల తిట్టినవు జూడు, గానాడు ఇంటికి పోయి అత్త పెట్టేది సూసిన. పిడికిట్ల ఏం నిలుస్తలేదు. రేపటి సంది నాలుగు పెట్టుమని చెప్దామనుకున్న. తెల్లారేసరికి పిల్ల ఒళ్లు కాలింది. ఇగ ఏం తినలే."

"ఎరుకైతే నాకెందుకు చెప్పలేదు? మీ ఇంటికి వచ్చిన్నాడు కూడ నన్ను చెప్పొద్దంటివి."

కొంరమ్మ కోపంగా ఏమీ లేదు. చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"చెప్తే ఏం చేస్తవమ్మా? కార్డు మీద నా పేరు కొట్టేసి ముసలిదాని పేరు రాస్తవు. ముసలిది గా నింద మోసుకొని ఎట్ల బతుకుతది? నాదైతే నేను మోస్త."

నా పేరు రాసేదాన్ని అని అనబోయాను. నోరు తెరిచాను కూడా. కట్టలోంచి రెండుసార్లు కార్డు తీసి మళ్లీ పెట్టేసిన మనిషిని నేను, ఆ మాట ఎలా అనగలను?

"తూకం వెయ్యమ్మా. పనికి పోవాలె, మేస్త్రీ ఒర్లుతడు" అంది.

పిల్లవాణ్ని జోలిలో కూర్చోబెట్టాను. బరువు బాగుంది. ఎంత ఉన్నాడో చెప్పాను. కొంరమ్మ తల ఊపి, కార్డు మీద ఏం రాశావని అడగకుండా, వాణ్ని ఎత్తుకుని వెళ్లిపోయింది.